తమ్ముడి డ్రాయరులో దొరికిన పెన్ను

ప్రశ్న: మాస్టారూ, మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు. నాన్న పొగాకు రైతు. నేను బెంగళూరులో టెస్టింగ్ ఉద్యోగం చేస్తున్నాను. తమ్ముడికి 19 ఏళ్లు, ఇక్కడే ఈసీఈ రెండో సంవత్సరం. మారతహళ్లిలో రెండు గదుల ఇల్లు తీసుకుని ఇద్దరం ఉంటున్నాం. మొన్న ఛార్జర్ కోసం వాడి డ్రాయరు తీస్తే లావుపాటి మార్కర్ పెన్ను గొట్టం, దానికి వైర్లు, పాత పవర్ బ్యాంకులోంచి పీకిన బ్యాటరీ, దూది, గ్లిజరిన్ సీసా, మా ఊరి పొగాకు నానబెట్టిన గోధుమరంగు నీళ్ల సీసా కనిపించాయి. నిలదీస్తే ఈ-సిగరెట్ చేసుకున్నానన్నాడు. "దొంగచాటుగా అమ్మేవాటిలో ఏం కలుపుతారో తెలియదక్కా. ఇదైతే లోపల ఏముందో నాకు తెలుసు. సిగరెట్ మానడానికే చేశాను" అంటాడు. ఫ్రెండ్స్ ఇద్దరు అడిగితే వాళ్లకీ చేసిస్తానన్నాడట. నాన్నకు చెబుతానంటే, "నాన్న పండిస్తే లేని తప్పు నేను తాగితే వచ్చిందా?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. వాడు చెప్పేదాంట్లో నిజం ఉందా? నాన్నకు చెప్పాలా? చాలా టెన్షన్‌గా ఉంది.
ఒక అక్క, బెంగళూరు

సమాధానం: అమ్మా, నువ్వు అడిగినవాటికంటే ముందు అడగని ఒక సంగతి చెప్పాలి. ఆ బ్యాటరీ ఇప్పుడు ఎక్కడుంది? ఇంకా ఆ డ్రాయరులోనే, మంచం పక్కనే ఉంటే, ఈ సమాధానం పూర్తిగా చదివేలోపే దాన్ని అక్కణ్ణుంచి తీయించు. మిగతావన్నీ తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

నేను ఇదే ఊళ్లో 30 ఏళ్లు ఎలక్ట్రానిక్స్ ల్యాబులో పిల్లల మధ్య గడిపినవాణ్ణి. ఒక కుర్రాడు ఇలాంటి బ్యాటరీ సెల్‌నే ప్యాంటు జేబులో, బండి తాళంచెవులతో పాటు వేసుకున్నాడు. తాళంచెవి సెల్ రెండు కొసలనూ కలిపింది. అతను జేబులో చెయ్యి పెట్టి తీసేలోపే తొడ మీద చర్మం కాలిపోయింది. ఆ రోజు ల్యాబులో వచ్చిన వాసన నాకింకా గుర్తుంది. అందుకే ఈ విషయంలో కాస్త గట్టిగా మాట్లాడతాను, ఏమనుకోకు.

పవర్ బ్యాంకులో సాధారణంగా ఉండే గుండ్రటి లిథియం సెల్‌ని 18650 అంటారు. 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు. 3.7 వోల్టులే కదా, షాక్ కూడా కొట్టదు కదా అని పిల్లలకు చులకన. దానితో భయం వోల్టులతో కాదు, అది ఒక్కసారిగా ఇవ్వగలిగే కరెంటుతో. పవర్ బ్యాంకులో ఉన్నంతకాలం దాని పక్కన ఒక చిన్న సర్క్యూట్ బోర్డు కాపలా కాస్తుంది. ఎక్కువ కరెంటు లాగినా, ఎక్కువ ఛార్జ్ ఎక్కినా అదే ఆపేస్తుంది. సెల్‌ని పీకిన రోజే ఆ కాపలా పోయింది. ఇప్పుడు దాన్ని, దూదికి పట్టిన ద్రవాన్ని వేడిచేసి ఆవిరి చేసే సన్నటి తీగచుట్టకు నేరుగా కలిపాడు. తీగచుట్టలో ఒక మెలిక ఇంకో మెలికకు తగిలినా, ఒక వైరు తొడుగు కరిగి పక్క వైరును తాకినా, ఆపేవాళ్లు ఎవరూ లేరు. సెల్ లోపల రెండు వైపులనూ విడదీసే పలచటి పొర కరుగుతుంది. వేడి ఇంకా వేడిని పుట్టిస్తుంది. ఒకసారి మొదలైతే వైరు పీకేసినా ఆగదు. మండే వాయువులు వస్తాయి, వాటితో హైడ్రోజన్ ఫ్లోరైడ్ అనే విషం వస్తుంది. ఇదంతా బిగుతుగా మూసిన గొట్టంలో, పెదవులకు ఆనించి ఉన్నప్పుడు జరిగితే ఎలా ఉంటుందో ఆలోచించు. 2018 మే నెలలో అమెరికాలోని ఫ్లోరిడాలో 38 ఏళ్ల మనిషి ఈ-సిగరెట్ పేలి చనిపోయాడు. అది ఇంట్లో చేసింది కాదు, కంపెనీ తయారుచేసిందే.

కాబట్టి మొదటి పని ఇది. వాడు ఇంట్లో ఉన్నప్పుడు, వాడి చేతే, వైర్లు విడదీయించు. రెండు వైర్లను కలిపి కత్తెరతో కత్తిరించకూడదు. ఆ కత్తెరే రెంటినీ కలిపేస్తుంది. ఒకదాన్ని తీసి, ఆ కొసకు ఇన్సులేషన్ టేప్ చుట్టి, ఆ తర్వాత రెండోది. ఆపైన సెల్‌ని పొడి ఇసుక వేసిన మట్టికుండలో పెట్టి, ఎండ తగలకుండా బాల్కనీలో ఉంచండి. మళ్లీ ఛార్జ్ పెట్టొద్దు. ఉబ్బి ఉన్నా, ముట్టుకుంటే వెచ్చగా తగిలినా, తియ్యటి ద్రావకం వాసన వస్తున్నా దాన్ని విప్పే ప్రయత్నమే చేయొద్దు. ఒకటి రెండు రోజుల్లోనే ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇచ్చేయండి. బ్యాటరీ అని చెప్పి ఇవ్వండి. మామూలు చెత్తలో కలిపితే ఆ మంట చెత్తబండిలో, దాన్ని చేత్తో ఏరే మనిషి ముందు పుడుతుంది.

ఇక వాడి మాటకు వద్దాం. "లోపల ఏముందో నాకు తెలుసు." ఈ మాటను నేను తేలిగ్గా కొట్టిపారేయను. దొంగచాటు సరుకును నమ్మకపోవడం తెలివైన పనే. అయితే లోపల వేసిందేమిటో వాడికి తెలుసు గానీ, వేడెక్కాక బయటికి వచ్చేదేమిటో తెలియదు. ఊపిరితిత్తుల్లోకి వెళ్లేది ఆ రెండోదే.

గ్లిజరిన్ సంగతే చూడు. చలికాలంలో పెదవులకు రాసుకుంటాం, ఏమీ కాదు. మీ అమ్మ బూరెలు వండేటప్పుడు మూకుట్లో నూనె మాడితే ఇల్లంతా ఘాటు కమ్మి, కళ్లు మండి, దగ్గు వస్తుంది కదా. ఆ ఘాటులో ఉండే ముఖ్యమైన పదార్థం అక్రోలిన్. నూనెలో ఉండే గ్లిజరిన్ విడిపోయి మాడితే పుట్టేది అది. దూది ఆరిపోయి తీగ ఎర్రబడినప్పుడు ఆ పెన్ను గొట్టంలో తయారయ్యేదీ అదే. దాంతో పాటు ఫార్మాల్డిహైడ్ కూడా. వంటింట్లో అయితే పొయ్యి ఆపి కిటికీ తెరుస్తాం. వాడు దాన్ని కావాలని లోపలికి పీలుస్తున్నాడు. కంపెనీ వస్తువుల్లో వేడిని అదుపు చేసే ఏర్పాటు ఎంతో కొంత ఉంటుంది. బ్యాటరీకి నేరుగా కలిపిన తీగకు అదుపు ఎక్కడిది?

గొట్టం ప్లాస్టిక్‌ది. వేడికి అదీ పొగ వదులుతుంది. తీగను వైరుకు సోల్డర్‌తో అతికించాడేమో అడుగు. ల్యాబుల్లో వాడే తగరం-సీసం సోల్డర్ సుమారు 183 డిగ్రీలకే మెత్తబడుతుంది. ఈ తీగలు అంతకు మించి వేడెక్కుతాయి. ఫ్యాక్టరీలో తయారైన ఈ-సిగరెట్ల ఆవిరిలోనే సీసం, నికెల్, క్రోమియం ఉన్నాయని పరిశోధనల్లో తేలింది. సీసం వంట్లో చేరితే బయటికి పోవడానికి ఏళ్లు పడుతుంది.

తినేది, చర్మానికి రాసుకునేది పీల్చడానికి కూడా పనికొస్తుందనుకోవడమే ఇందులో పెద్ద పొరపాటు. 2019లో అమెరికాలో ఉన్నట్టుండి ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లు ఊపిరాడక ఆసుపత్రుల్లో చేరారు. 2020 ఫిబ్రవరి నాటికి అలాంటివాళ్లు 2,807 మంది, చనిపోయినవాళ్లు 68 మంది. చాలామంది వాడింది గంజాయి సారం కలిపిన, అనధికారంగా తయారైన ద్రవాలు. వాటిని చిక్కగా చూపించడానికి విటమిన్ ఈ ఎసిటేట్ అనే నూనెలాంటి పదార్థం కలిపారు. అది మాత్రల్లో, క్రీముల్లో ఎప్పటినుంచో ఉన్నదే. కడుపుకు ఏమీ చేయనిది ఊపిరితిత్తులను ముంచేసింది. మీవాడు గంజాయి కలపలేదు, నిజమే. కానీ రుచి కోసం ఏ ఎసెన్సో, ఏ తైలమో వేశాడేమో కనుక్కో. నూనె చుక్క ఊపిరితిత్తుల్లోకి వెళ్తే దాన్ని అరిగించుకునే దారి అక్కడ లేదు.

ఆ గోధుమరంగు సీసా నన్ను బ్యాటరీ తర్వాత అంతగా భయపెట్టింది. మీ నాన్నను అడిగితే చెబుతారు, పేనుబంక పట్టిన పైరుకు పొగాకు కషాయం కొట్టడం మన వైపు రైతులకు తెలిసిన పద్ధతి. పురుగును చంపేది ఆ కషాయంలోని నికోటిన్. మీ తమ్ముడు సీసాలో పెట్టుకున్నది అదే కషాయం. మంచు తడి ఆరకముందు ఆకు కోతకు దిగినవాళ్లకు తల తిరిగి, వాంతులై గట్టు మీద కూలబడడం నేను చిన్నప్పుడు చూశాను. తడి ఆకులోంచి నికోటిన్ చర్మం గుండానే వంట్లోకి వెళ్తుంది. ఇంగ్లీషులో దానికి గ్రీన్ టొబాకో సిక్‌నెస్ అని పేరు. వట్టి ఆకు పట్టుకుంటేనే అలా అయితే, నానబెట్టి దించిన నీళ్లలో ఎంత ఉంటుందో కొలిచే సాధనం మీ ఇంట్లో లేదు, మా ల్యాబులోనూ ఉండేది కాదు. అందులో నికోటిన్ ఒక్కటే ఉండదు, ఆకులోని చక్కెరలు, మిగతా రసాయనాలూ దిగుతాయి. అవన్నీ తీగ మీద మాడతాయి. ఆ సీసాకు మూత బిగించి, గ్లవ్స్ వేసుకుని రెండు కవర్లలో కట్టి, పైన విషం అని రాసి, తడిచెత్త పొడిచెత్తల్లో కలపకుండా విడిగా, ఏమిటో చెప్పి ఇవ్వు. చేతి మీద ఒలికితే వెంటనే సబ్బుతో కడుక్కోవాలి. ఇంటి ఓనర్లకో పక్కింటివాళ్లకో చిన్నపిల్లలుంటే ఒక్క రోజు కూడా వాళ్లకు అందే చోట ఉంచొద్దు. పిల్లలకు కొద్ది గుక్కలే ప్రాణం మీదికి తెస్తాయి.

"మానడానికే" అన్న మాటను మాత్రం నమ్ము. 2003లో చైనాలో ఇప్పుడు చూస్తున్న తరహా ఈ-సిగరెట్‌ను రూపొందించిన హాన్ లిక్ కూడా సిగరెట్ వదిలించుకోవాలనే మొదలుపెట్టాడు. ఆయన ఫార్మసిస్టు. బ్రిటన్‌లో సిగరెట్ మానదలచినవాళ్లకు అక్కడి వైద్యవ్యవస్థే ఈ-సిగరెట్‌ను ఒక దారిగా చూపిస్తుంది. ఇది దాచి నీతో వాదించను, మీ తమ్ముడు ఫోన్‌లో రెండు నిమిషాల్లో చూపించగలడు. కానీ అక్కడ అమ్మే ద్రవంలో నికోటిన్ మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు దాటకూడదని నియమం ఉంది. ఏ పదార్థాలు కలపకూడదో కూడా రాసి ఉంది. ఆ దారికీ మార్కర్ పెన్నుకూ సంబంధం లేదు.

చట్టం గురించి. మన దేశంలో ఈ-సిగరెట్ల నిషేధ చట్టం 2019లో వచ్చింది. అంతకుముందే, 2016లో, కర్ణాటక తన పరిధిలో నిషేధించింది. కేంద్ర చట్టంలో తయారీ అంటే ఫ్యాక్టరీ ఒక్కటే కాదు, భాగాలు తెచ్చి బిగించడం కూడా తయారీయే. మొదటిసారి పట్టుబడితే ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా. ఫ్రెండ్స్‌కి చేసిస్తే అది తయారీతో పాటు పంపిణీ కూడా అవుతుంది. రేపు వాళ్లలో ఒకరి నోట్లో ఆ సెల్ పేలితే? చట్టం సంగతి అలా ఉంచు, ఆ పిల్లాడి అమ్మకు మీ తమ్ముడు ఏం చెబుతాడు? ఈ ఒక్క ప్రశ్న వాడిని అడుగు. అడిగి ఊరుకో, జవాబు కోసం ఒత్తిడి చేయకు.

నాన్నకు చెప్పాలా అన్నావు. ఇప్పుడే వద్దు. బెదిరింపుగా అయితే అసలే వద్దు. వాడు నీ దగ్గర అబద్ధం ఆడకుండా ఉన్నదున్నట్టు ఒప్పుకున్నాడు. "నాన్నకు చెబుతా" అన్న మాట తరచూ వాడితే ఆ ఒప్పుకోలు ఇక రాదు, డ్రాయరుకు తాళం వస్తుంది. అయితే రెండు సందర్భాల్లో ఆలోచించకుండా ఊరికి ఫోన్ చెయ్యి. ఫ్రెండ్స్‌కి చేసిచ్చాడని తెలిసినా, ఆ బ్యాటరీ వ్యవహారం మళ్లీ ఇంట్లోకి వచ్చినా. ఈ సంగతి వాడికి ముందే చెప్పు. చాటుగా చేసినట్టు కాకూడదు.

నిన్ను మాట రాకుండా చేసిన ఆ ప్రశ్న నన్ను కూడా చాలాసేపు కూర్చోబెట్టింది. అందులో కుళ్లు లేదమ్మా, వాడికి నిజంగానే అర్థం కాని విషయం అది. నువ్వు నాన్న తరఫున వాదించకు, నాన్నను తప్పుపట్టకు. పొగాకు ఆకును ఆరబెట్టే ఆ బ్యారన్ దగ్గరి రాత్రుళ్లు మీ ఇద్దరికీ గుర్తుండే ఉంటాయి. వేడి తగ్గకుండా చూడాలని ఆయన అక్కడే నిద్ర కాయడం, వేలం కేంద్రంలో బేలు ఏ ధరకు పోతుందోనని ఇంటిల్లిపాదీ ఎదురుచూడటం. మీ ఫీజులు అందులోంచే వచ్చాయి. ఆ నేలలో, ఆ నీళ్లతో, ఆ అప్పులతో ఆయనకు అప్పుడు కనిపించిన పంట అది. ఆకు గుణం తెలిసిన మనిషి కాబట్టే మిమ్మల్ని ఆ ఆకుకు దూరంగా, చదువు కోసం ఇంత దూరం పంపారు. "నాన్న చేసింది తప్పా ఒప్పా నాకు తెలియదురా, నువ్వు దగ్గుతుంటే మాత్రం నేను నిద్రపోలేను" అని చెప్పు చాలు. ఇది నువ్వు అనగలిగిన మాట. ఇంతకంటే పెద్ద మాటలు మన నోట్లో నిలవవు.

ఎప్పుడు మాట్లాడాలి? రాత్రి వాడు అలసిపోయి వచ్చినప్పుడు కాదు. ఆదివారం పొద్దున టిఫిన్ చేశాక, ఇద్దరూ నడుస్తూ. ఎదురెదురుగా కూర్చుంటే విచారణలా ఉంటుంది. రోజుకు ఎన్ని సిగరెట్లు, లేవగానే ఎంతసేపటికి మొదటిది, ఇవి రెండూ కనుక్కో. లేచిన అరగంటలోపే కావాలనిపిస్తే అలవాటు గట్టిగా పట్టుకున్నట్టు. అప్పుడు మనసు గట్టి చేసుకో అంటే సరిపోదు, సాయం కావాలి.

ఆ సాయం మీకు దగ్గరలోనే ఉంది. హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్ అనే మానసిక ఆరోగ్య సంస్థలో వ్యసనాల చికిత్సకు ప్రత్యేక విభాగం ఉంది. పొగాకు మాన్పించే జాతీయ క్విట్‌లైన్ దక్షిణాది కేంద్రం కూడా అక్కడే. నంబరు 1800-11-2356, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. సిగరెట్ పెట్టె మీద ఆ నంబరు ముద్రించి ఉంటుంది, మీవాడు వందసార్లు చూసే ఉంటాడు. వాడే చెయ్యాలి, నువ్వు చేసి ఫోన్ చేతికివ్వడం కాదు. వాళ్లు ఒక తేదీ పెట్టుకోమంటారు, ఆ తర్వాత మళ్లీ వాళ్లే ఫోన్ చేసి కనుక్కుంటారు.

డాక్టరు సరేనంటే నికోటిన్ గమ్ వాడొచ్చు. 2 మిల్లీగ్రాములది మందుల షాపులో దొరుకుతుంది. ఇది చూయింగ్ గమ్ కాదు, ఆపకుండా నమిలితే కడుపులో తిప్పుతుంది, "నాకు పడలేదు" అని పారేస్తారు. చాలామంది విషయంలో జరిగేది ఇదే. మెల్లగా నమిలి, నాలుక చురుక్కుమనగానే చిగురుకూ బుగ్గకూ మధ్య పెట్టుకోవాలి. ఆ చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. కాఫీ, కూల్‌డ్రింకు తాగిన పావుగంట లోపల వేసుకుంటే సరిగా పనిచేయదు. బెంగళూరులో ఫిల్టర్ కాఫీ వదలలేనివాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

మొదటి రెండు మూడు రోజులు చాలా చిరాగ్గా ఉంటాడు. నీ మీద అరుస్తాడు, ఇల్లు వదిలి పోతానంటాడు. నేను 41వ ఏట మానినప్పుడు మా ఆవిడ మీద గిన్నె విసిరాను, ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది. రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు నెమ్మదిస్తుంది. తాగాలన్న కోరిక ఒక్కోసారి వచ్చేది కొద్ది నిమిషాలే, ఆ కాసేపు చేతికి పని ఉండాలి. మధ్యలో ఒకటి తాగితే లెక్క మళ్లీ మొదటికి వచ్చిందని అనకు. అన్నీ మానేసినా సరే, ఇప్పటికే పీల్చినదాని వల్ల దగ్గు తగ్గకపోయినా, ఆయాసం, ఛాతీలో నొప్పి, జ్వరం ఉన్నా ఆసుపత్రికి తీసుకెళ్లు. అక్కడ డాక్టరుకు ఆ గొట్టం సంగతి దాచకుండా చెప్పండి. దాచితే మామూలు నిమోనియా అనుకుని మందు ఇచ్చే ప్రమాదం ఉంది.

చివరిగా, ఈ పేజీ వాడి చేతికి ఇస్తావని తెలుసు కాబట్టి వాడితో ఒక మాట. బాబూ, దూదీ తీగా పెట్టి పనిచేసే వస్తువు చేశావంటే నీకు చెయ్యి తిరిగింది. ఎలక్ట్రానిక్స్ విడిభాగాలు అమ్మే ఎస్పీ రోడ్డులో గంటలకొద్దీ తిరిగి ఉంటావు. పాత పవర్ బ్యాంకు సెల్స్‌లో ఏది బాగుంది, ఏది చచ్చింది అని ఛార్జ్‌ను కొలిచి చెప్పే టెస్టర్ ఒకటి చేద్దామా? వేడెక్కితే తనంతట తానే ఆగేలా, కాపలా బోర్డుతో సహా. కుండలో పెట్టిన సెల్‌ని అక్కతో వెళ్లి ఇచ్చేసి వచ్చాక నాకు రాయి. సర్క్యూట్ గీసి పంపుతాను. రెసిస్టరు విలువలు మాత్రం నువ్వే లెక్క కట్టాలి.